చికిత్సకు నాలుగవ పాదము

లింగాల నుండి పులివెందులకు పోవు తొలి బస్సులో ఆసుపత్రికి బయలుదేరిన కుటుంబమును గుర్తించుట కష్టము కాదు. ఒకరి చేత చాపచుట్ట, ఒకరి చేత అన్నపు క్యారియరు, మరియొకరి సంకలో దుప్పటి మూట, పాత చీటీలన్నియు భద్రపరచిన ప్లాస్టిక్ సంచి. వీని నడుమ కిటికీ ప్రక్కన ముడుచుకొని కూర్చున్న మనిషియే రోగి. చీనీ తోటలును అరటి తోటలును వెనుకకు జరిగిపోవుచుండ, ఆ మనిషి మాటలాడదు. వెంట వచ్చినవారే మాటలాడుదురు. సీమ పల్లెలలో ఒంటరిగా ఆసుపత్రికి పోవు ఆచారము లేదు. తోడు లేక పోయినవాడు దిక్కులేనివాడని లోకము తలచును.

ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున తీరని జబ్బునకు పులివెందుల. అచ్చటను తీరనిచో కడప. ఆపైన తిరుపతియో కర్నూలో. 2007వ సంవత్సరమున ఆరోగ్యశ్రీ పథకము ఆరంభమైన పిమ్మట, పూర్వము దూరము నుండి చూచి తొలగిపోయిన పెద్ద ఆసుపత్రుల లోపలికి పల్లెవారు ప్రవేశింపగలిగిరి. మట్టినేలకును బండపరపునకును అలవడిన పాదములు అద్దమువంటి నున్నని నేలలపై నడువవలసి వచ్చెను. చెప్పదలచిన సంగతి ఆ నేలతోడనే ఆరంభమగుచున్నది.

ఒక ముసలమ్మను ఊహింతము. అట్టివారు ఊరికొకరు కలరు గనుక ఆమెకు పేరక్కరలేదు. చక్కెర వ్యాధి, కాలిపై మానని పుండు, దానివలన జ్వరము. ఆసుపత్రిలో చేర్చిన నాలుగవనాటికి జ్వరము తగ్గెను. “రేపో ఎల్లుండో ఇంటికి పోవచ్చునమ్మా” అని డాక్టరు చెప్పి వెళ్లెను. ఆ రాత్రి రెండు గంటలవేళ ఆమెకు మెలకువ వచ్చెను. బయటికి పోవలసిన అవసరము కలిగెను. మంచము ప్రక్కన నేలపై కొడుకు నిద్రించుచున్నాడు. పగలంతయు తోటలో పని చేసి సాయంకాలపు బస్సున వచ్చినవాడు. నర్సు దూరమున బల్లయొద్ద ఏదియో వ్రాసికొనుచున్నది. ముసలమ్మ ఇద్దరిని చూచినది, ఎవ్వరిని పిలువలేదు. మంచపు కడ్డీ పట్టుకొని, నిద్రించుచున్న కొడుకును దాటి, గోడ వెంబడి నాలుగడుగులు నడచెను. స్నానపుగది గడపయొద్ద తడి యున్నది. తుంటి ఎముక విరిగెను. జ్వరముతో వచ్చి జ్వరము లేకుండ ఇంటికి పోవలసిన మనిషి, మరి రెండు నెలలు మంచము దిగలేని రోగి యయ్యెను.

ఇది కథవలె కనబడినను, లోకమంతట ఆసుపత్రులలో ప్రతిదినము జరుగుచున్నదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ననుసరించి ఏటేట దాదాపు 6,84,000 మంది జారిపడియో క్రిందపడియో మరణించుచున్నారు. వైద్యము అవసరమగునంత దెబ్బ తగులు పతనములు 3 కోట్ల 73 లక్షలు. ఆసుపత్రులలో రోగులకు సంభవించు అనుకోని కీడులలో మిక్కిలి తరచైనది ఈ పడిపోవుటయే యని ఆ సంస్థ చెప్పుచున్నది. వేయి పడకదినములకు మూడు మొదలు ఐదు వరకు ఇట్టివి జరుగును; వానిలో మూడవవంతుకు మించి గాయములతో ముగియును. పడకదినమనగా ఒక పడకపై ఒక రోగి గడపిన ఒక దినము. నూరు పడకలు గల ఆసుపత్రి నిండియున్నచో పది దినములలో వేయి పడకదినము లగును. అనగా పది దినములలో ముగ్గురు నలుగురు పడుదురు, వారిలో ఒక్కరైనను గాయపడుదురు. విద్యార్థులు ఈ లెక్కను తమ తాలూకాలోని ఆసుపత్రికి అన్వయించి చూచుకొనవచ్చును.

కారణములు తెలియనివి కావు. పలుదినములు పడుకొన్న శరీరము ఒక్కసారి లేచినప్పుడు రక్తము కాళ్లలోనికి దిగి, తలకు చాలినంత అందక కన్నులు చీకట్లు క్రమ్మును. రక్తపుపోటుకు వాడు మాత్రలు దీనిని హెచ్చించును. నిద్రమాత్ర అడుగును తడబరచును. నీరు తీయు మాత్ర రాత్రివేళ పదేపదే లేపును. చక్కెర వ్యాధిచే మొద్దుబారిన అరికాలు నేల తడిని గుర్తింపలేదు. ఇంటిలో మంచము ఎత్తు వేరు, ఇచ్చట ఇనుపమంచము ఎత్తు వేరు. చీకటిలో కాలు పాత ఎత్తునే వెదకును. సెలైను సీసా తగిలించిన కడ్డీ, అరిగిపోయిన రబ్బరు చెప్పులు, కాలికి చుట్టుకొను చీరకుచ్చెళ్లు, ఇవియన్నియు కలవు. వైద్యులు, నర్సులు వీనిని చిరకాలముగా ఎరుగుదురు. అయినను మన ముసలమ్మ పడిన కారణము ఈ జాబితాలో లేదు. ఆమె పిలువకపోవుటయే కారణము. ఎందులకు పిలువలేదు?

తెలుగున దానికొక మాట కలదు: మొగమాటము. ఆ మాటలో మొగము ఇమిడియున్నది. ఎదుటివాని మొగము చూచి తన యవసరమును దిగమ్రింగుట మొగమాటము. అలసిన కొడుకును లేపుటకు మొగమాటము. అంతకంటె, మరుగుదొడ్డికి తోడు రమ్మని కొడుకును పిలుచుటకు తల్లికి సిగ్గు. నర్సమ్మ విసుగుకొనునేమో యని జంకు. మంచము మీదనే పాత్ర పెట్టుదురన్నచో అంతకంటె చావు మేలని తలచువారు కలరు. ఇన్నాళ్లు తన పని తాను చేసికొనుచు పదిమందికి వండిపెట్టిన మనిషి ‘నేను నడువలేను’ అని ఒప్పుకొనుట సులభము కాదు. ఈ కారణములు ఏ కేసుషీటునందును వ్రాయబడవు. రోగి నోరు తెరచినగాని తెలియవు. రోగి నోరు తెరవవలెనన్న ముందు ఎవరైన అడుగవలెను.

అడుగుటయు చెప్పుటయు చికిత్సలో భాగమని మన పూర్వులు ఎరిగియుండిరి. చరకసంహిత సూత్రస్థానమున తొమ్మిదవ యధ్యాయము చికిత్సకు నాలుగు పాదములు చెప్పినది. వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. రోగి నాలుగవ పాదము. అతడు చికిత్స చేయించుకొను వస్తువు కాడు; చికిత్సయను మంచమునకు తానొక కోడు. ఒక్కొక్క పాదమునకు నాలుగేసి గుణములు చెప్పబడినవి. రోగికి చెప్పిన నాలుగింటిలో జ్ఞాపకశక్తి, చెప్పినట్లు చేయుట, భయపడకుండుట అను మూడును ఎవరికైన తోచునవే. నాలుగవది జ్ఞాపకత్వము. తెలుగు విద్యార్థి దీనిని చూచి ఇదియు జ్ఞాపకమునకు సంబంధించినదేయని పొరబడును. కాని సంస్కృతమున జ్ఞాపకమనగా తెలియజేయునది. తన లోపలి బాధను పైవారికి తెలియజేయగలుగుట జ్ఞాపకత్వము. మొగమాటము సరిగా దానికి విరుద్ధమైన గుణము. పరిచారకునకు చెప్పిన గుణములలో ఉపచారము తెలిసియుండుటతో పాటు రోగియందు అనురాగమును లెక్కింపబడినది. అద్దెకు దొరకునది కాదు గనుక, సీమ పల్లెవారు చాపచుట్టతో వెంట తెచ్చుకొనుచున్నది ఈ గుణమునే.

ఇరువదవ శతాబ్దపు ఆసుపత్రి నాలుగవ పాదమును చాలవరకు మరచినది. రోగి పడకుండ చూచుట ఆసుపత్రి పని, పడక కదలకుండుట రోగి పని యని విభజన జరిగెను. కెనడాలో జానిస్ మోర్స్ అను నర్సింగు పరిశోధకురాలు పడిపోవు ప్రమాదమును కొలుచుటకు ఒక కొలబద్దను రూపొందించి 1989లో ప్రకటించెను. నేటికిని అది అనేక దేశములలో వాడుకలో నున్నది. అందు ఆరు అంశములు, మొత్తము 125 మార్కులు. ఉపాధ్యాయులకు అలవాటైన మార్కులకు ఇవి వ్యతిరేకము. ఇచ్చట ఎక్కువ మార్కులు వచ్చినవారికే ప్రమాదము. చేతికర్ర పట్టుకొని నడచువారికి 15 మార్కులైనచో, బల్లలు మంచములు పట్టుకొని నడచువారికి 30. కర్ర మనిషితో కూడ వచ్చును, బల్ల రాదు. సెలైను ఎక్కుచున్నచో 20. మరియొక అంశము మిక్కిలి సూక్ష్మమైనది. “మీరు ఒంటరిగా స్నానపుగదికి పోగలరా?” అని రోగినే అడుగవలెను. పోలేని మనిషి పోగలనని చెప్పినచో 15 మార్కులు పడును. శరీరబలహీనత కంటె, తన బలహీనత తనకు తెలియకపోవుట వేరొక ప్రమాదమని ఆమె గుర్తించెనన్నమాట.

కొలబద్ద మంచిదే. కాని పెక్కు ఆసుపత్రులలో జరిగినదేమన, నర్సు మార్కులు వేసి కాగితమును ఫైలులో నుంచును, ఫైలు బల్లసొరుగులో నుండును. తనకు ఎన్ని మార్కులు వచ్చినవో రోగికి తెలియదు. కొన్నిచోట్ల ప్రమాదము గల రోగి చేతికి పసుపుపచ్చని పట్టీ కట్టుదురు. పసుపు మన యిండ్లలో శుభసూచకము. ఎవరును వివరింపనిచో పల్లెటూరి ముసలమ్మ దానిని తోరమని తలచి కన్నుల కద్దుకొనినను ఆశ్చర్యము లేదు.

అమెరికాలో 2008 అక్టోబరు మొదలు, ఆసుపత్రిలో పడిపోవుటవలన కలిగిన గాయమునకగు అదనపు ఖర్చును మెడికేరు అను ప్రభుత్వ బీమా చెల్లింపనని ప్రకటించెను. డబ్బు పోవునన్న భయము పుట్టగా జాగ్రత్తలు పెరిగినవి. రోగి పడకపై నుండి లేచినంతనే గణగణ మ్రోగు గంటలు వచ్చినవి. ఆ గంటల వాడుకను పెంచి చూచిన ఒక పెద్ద పరిశోధన ఫలితములు 2012లో వెలువడినవి. పదునారు వార్డులు, 27,672 మంది రోగులు. గంటలు హెచ్చుగా మ్రోగినవి. పడినవారి సంఖ్య మాత్రము చెప్పుకొనదగినంత తగ్గలేదు. గంట విని నర్సు పరుగెత్తి వచ్చుసరికి రోగి నేలపై నుండును. మంచమునకు ఇరుప్రక్కల కడ్డీలెత్తుటయు అట్టిదే. పోదలచిన మనిషి కడ్డీ నెక్కి దాటును, మరింత యెత్తునుండి పడును.

దారి వేరుగా నుండవలెనని గ్రహించినవారిలో బోస్టన్ నగరమున ప్యాట్రీషియా డైక్స్ అను నర్సు పరిశోధకురాలు ముఖ్యురాలు. ఆమెయు ఆమె సహచరులును చేసిన మార్పు చూచుటకు అల్పము. ఫైలులోని కాగితమును రోగి తలవైపు గోడమీదికి తెచ్చిరి. ఆ కాగితమున ఒకవైపు ప్రమాదములు, ఇంకొకవైపు వానికి తగిన జాగ్రత్తలు. అన్నియు రంగుల బొమ్మలతో. దానిని నర్సు తన బల్లయొద్ద నింపదు. రోగి ప్రక్కన కూర్చుండి, రోగితోను ఇంటివారితోను మాటలాడుచు నింపును. ఎవరి ప్రమాదము వారిది, ఎవరి జాగ్రత్త వారిది. ఒకరికి చేతికర్ర, ఒకరికి గంటగంటకు మరుగుదొడ్డికి తీసికొనిపోవుట, ఒకరికి ఇద్దరి సాయము. బోస్టన్, న్యూయార్కు నగరములలోని మూడు బోధనాసుపత్రులలో, పదునాలుగు వార్డులలో, 37,231 మంది రోగుల విషయమున జరిపిన పరిశీలన ఫలితములు 2020లో ప్రకటింపబడినవి. పడిపోవుట నూటికి 15 వంతులు తగ్గెను; గాయముతో కూడిన పతనములు 34 వంతులు తగ్గెను.

ఆస్ట్రేలియా దేశపు పశ్చిమ ప్రాంతమున జరిగినది ఇంకను ఆలోచింపదగినది. అచ్చట వృద్ధులను తిరిగి నడకకు అలవరచు ఎనిమిది వార్డులలో 3,606 మంది రోగులపై జరిపిన పరిశోధన 2015లో వెలువడినది. శిక్షణ పొందినవారు ఒక్కొక్క రోగియొద్ద కూర్చుండి, అతడు ఎందువలన పడవచ్చునో తెలిపి, అతడేమి చేయదలచెనో అతనిచేతనే చెప్పించిరి. అంతటితో ఆగలేదు. నీవేల పిలువవు, నీకు అడ్డమేమి అని అడిగి, రోగులు చెప్పిన సమాధానములను వార్డు సిబ్బందికి అందజేసిరి. పిలుపుగంట చేతికి అందదనియో, పిలిచిన ఎవరును రారనియో రోగి చెప్పినచో ఆ మాట వినవలసినవారి చెవిని పడెను. వేయి రోగిదినములకు 13.78గా నుండు పతనములు 7.80కి దిగెను. చరకుని జ్ఞాపకత్వమే ఇది. కాకున్న సముద్రముల కావల మరల కనుగొనబడినది.

ఒక హద్దు మాత్రము మరువరాదు. మతి స్థిమితముగా నున్న రోగులకే ఈ ఉపదేశము ఫలించునని అంతకుముందు 2011లో ఆస్ట్రేలియాలోనే వెలువడిన మరియొక పరిశోధన తెలిపినది. జ్వరతీవ్రతలో పలవరించువారికిని, వార్ధక్యముచే మతిమరపు ముదిరినవారికిని ఎంత బోధించినను ప్రయోజనము కనబడలేదు. అట్టివారి విషయమున మూడవ పాదము, అనగా ప్రక్కనున్న తోడు, రెండింతల బరువు మోయవలెను. ఈ తోడు విషయమున బోస్టన్ కంటె మన వార్డులే భాగ్యముగలవి. అచ్చట రాత్రివేళ ఒంటరి గదిలో ఒంటరి మనిషి. ఇచ్చట ప్రతి మంచము ప్రక్కన ఒక చాప.

అయితే ఆ చాపయొద్దనే మన లోపమును కలదు. పగటి తోడు వేరు, రాత్రి తోడు వేరు. పగలు కోడలుండగా డాక్టరు వచ్చి, “ఈ మాత్ర వేసినప్పుడు ఒంటరిగా లేవనీయకండి” అని చెప్పును. సాయంకాలము కోడలు పిల్లలకొరకు లింగాల బస్సెక్కును, కొడుకు వచ్చును. క్యారియరు చేతులు మారును, డబ్బుసంచి చేతులు మారును, ఆ మాట మాత్రము మారదు. కొడుకు పడుకొను స్థలము సరిగా మంచము దిగు వైపుననే యుండును. అనగా కాపలా మనిషియే కాలికి అడ్డము. నర్సులలో కొందరు తోడువచ్చినవారిని ‘జనం ఎక్కువైనారు, బయటికి పొండి’ యని తరుముదురే గాని, వారిని పనివారుగా చూడరు. నలుబది మంది రోగులున్న వార్డులో రాత్రి ఒకరో ఇద్దరో నర్సులున్నప్పుడు ఆ విసుగు నర్థము చేసికొనవచ్చును. కాని ఆ నలుబది మంది తోడులును చెప్పినచో పనికివచ్చు చేతులని తోచినచో, విసుగు కొంత తగ్గును.

గోడమీద కాగితము మన వార్డులలో ఎట్లుండవలెను? అక్షరములు చదువలేని రోగికి బొమ్మ కావలెను. ఆ బొమ్మలో నున్నది గౌను తొడిగిన దొరసాని గాక చీర కట్టిన ముసలమ్మ కావలెను. రెండు కాళ్లు క్రిందికి వ్రేలాడవేసి మంచముపై కూర్చున్న బొమ్మ యొకటి. అట్లు కూర్చుండి, కన్నులు తిరుగుట లేదని తెలిసిన పిమ్మటనే లేవవలెనని అర్థము. సెలైను కడ్డీ ప్రక్కన మరియొక మనిషి నిలిచిన బొమ్మ యొకటి. కుచ్చెళ్లు చీలమండకు పైన దోపుకొన్న బొమ్మ యొకటి. తోడు చాప మంచమునకు రెండవవైపున పరచిన బొమ్మ యొకటి. తల్లికి కొడుకు తోడైనచో, రాత్రి మరుగుదొడ్డికి తీసికొనిపోవుటకు ప్రక్కమంచముయొద్ద నున్న ఏ స్త్రీనైనను ముందే అడిగి యుంచవలెనని నర్సు సాయంకాలమే చెప్పవచ్చును. పల్లెవారు ఒకరికొకరు ఈ సాయము నిరాకరింపరు. అడుగుటకు మాత్రమే వెనుదీయుదురు. పడుకొనుటకు ముందు ఒకసారి, మందు వేసిన తరువాత ఒకసారి, అవసరము లేకున్నను తీసికొనిపోయినచో రెండు గంటలరాత్రి చిక్కు సగము తీరును.

ఇచ్చట ఒక సందేహము సహేతుకమైనది. రోగిని భాగస్వామిని చేయుదుమను పేరిట, పడినప్పుడు తప్పు రోగి నెత్తిన వేయుదురా? ‘ముందే చెప్పితిమి గదమ్మా, నీవే వినలేదు’ అని చేతులు దులుపుకొనుటకు గోడమీది కాగితము సాక్ష్యము కారాదు. కారుచున్న కుళాయి, వెలుగు లేని నడవ, గొళ్లెము లేని తలుపు, పట్టుకొనుటకు కడ్డీ లేని స్నానపుగది, వీనిని బాగుచేయుట ఏ ముసలమ్మ పనియు కాదు, ఆసుపత్రి పని. రోగి చెప్పవలెను, చెప్పినది వినబడవలెను. 2023 సెప్టెంబరు 17వ తేదీన జరిగిన ప్రపంచ రోగి భద్రతా దినమునకు, రోగులను తమ భద్రతలో భాగస్వాములను చేయుటనే ప్రపంచ ఆరోగ్య సంస్థ ముఖ్యాంశముగా నెన్నుకొని, రోగుల గళము పైకి వినిపించవలెనని నినాద మిచ్చినది. గళము పైకి లేచునప్పుడు వినువాని చెవి దగ్గర నుండవలెననుట అందు చెప్పకయే చెప్పబడినది.

మోర్స్ కొలబద్దలో మొదటి ప్రశ్న మిగిలియున్నది. దానికే 25 మార్కులు. “ఈ మూడు నెలలలో ఎప్పుడైనా పడితివా అమ్మా?” ఒకసారి పడినవారు మరల పడుదురని అనుభవము. ప్రశ్న సులభము, సమాధానము దుర్లభము. పడితినన్నచో ఇంటికి పంపరేమో, మరియొక పరీక్ష కని డబ్బు అడుగుదురేమో, కోడలు దెప్పునేమో. మన ముసలమ్మను ఆసుపత్రిలో చేర్చుకొన్న నాడే నర్సు ఈ ప్రశ్న నడిగినదని అనుకొందము. బడికి సెలవు గనుక తొమ్మిదవ తరగతి చదువు మనుమరాలు ఆనాడు వెంట వచ్చియున్నది.

“లేదు తల్లీ, నాకేం, రాయి మాదిరి ఉండా” అని ముసలమ్మ అనును.

మనుమరాలు క్యారియరు మూత పెట్టుచు తలయెత్తి, “అబద్ధం చెప్పొద్దు జేజీ. మొన్న గొడ్లపాకకాడ పడితివి గదా. నాయనకు చెప్పొద్దంటివి” అనును.

ముసలమ్మ మనుమరాలి వైపు గుర్రుగా చూచును. నర్సు నవ్వి, కలము తీసి, మంచము అంచున కూర్చుండి, “యా పక్కకి పడితివి జేజీ? ముందు కండ్లు తిరిగినాయా, కాలు జారిందా?” అని అడుగును.